పిన్ని కూతురి పెళ్ళిలో క్యాండిడ్లు నేనే తీస్తానని ఒప్పుకుని పరువు పోగొట్టుకున్నా, ఎక్కడ తప్పు చేశానో చెప్పండి

గోదారి గట్టు:

అందరికీ నమస్కారం అండి. పోస్టు కొంచెం పెద్దది, ఏమనుకోవద్దు. మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. ఏడాదిన్నర కిందట సెకండ్ హ్యాండ్‌లో నికాన్ డీ5300 కొన్నా, 18-55 కిట్ లెన్సు, 50 ఎంఎం 1.8 లెన్సు కూడా దాంతోనే వచ్చాయి. యూట్యూబులో తెలుగువి, హిందీవి, సగం అర్థం కాకపోయినా ఇంగ్లీషువి అన్నీ చూశా. అపర్చరు (లెన్సు ఎంత తెరుచుకోవాలి), షట్టరు (ఎంతసేపు తెరిచుండాలి), ఐఎస్ఓ (వెలుగుని ఎంత పెంచి చూపాలి) నిద్రలో లేపి అడిగినా చెప్తా. కొబ్బరి తోటలు, పంటు మీద సైకిళ్ళు, మా మేనకోడలి బోసినవ్వు, ఇవన్నీ పెడితే ఇన్‌స్టాలో బానే లైకులొచ్చేవి. ఆ లైకులే కొంప ముంచాయి.

పోయిన నెల మా పిన్ని కూతురి పెళ్ళి. మామూలు ఫోటోలకీ వీడియోకీ వేరే వాళ్ళున్నారు, క్యాండిడ్లకి (ఫోజులు పెట్టించకుండా సహజంగా తీసేవి) ఇంకో మనిషిని పెట్టి డబ్బులు దండగ ఎందుకు పిన్నీ నేను తీస్తా అని నేనే ముందుకెళ్ళి చెప్పా. పాపం నమ్మింది. 1,400 తీశా. ఇంటికొచ్చి కంప్యూటర్లో వేసి చూస్తే ఏడుపొక్కటే తక్కువ.

ముహూర్తం రాత్రి 2 దాటాక. మధుపర్కాలు మల్లెపూల్లా ఉంటే నా ఫోటోల్లో వారం నుంచి ఉతకని పంచెలా బూడిద రంగులో ఉన్నాయి. మూడు ముళ్ళ టైముకి నా ఫ్రేములో ఉన్నది పంతులుగారి వీపు, పక్కన ఎవరిదో ఫోను. 50 లెన్సు అపర్చరు 1.8లో పెట్టి, అంటే పూర్తిగా తెరిచి, తీసిన వాటిలో పెళ్ళికొడుకు కనురెప్పలు లెక్కపెట్టొచ్చు, ఆనుకుని కూర్చున్న మా చెల్లి మాత్రం మంచులో ఉన్నట్టుంది. ఫ్లాషు నేరుగా మొహం మీద కొట్టకూడదని వీడియోల్లో చెప్పారు కదా అని పైకి తిప్పి కొడితే అందరూ కుంకుమ పూసుకున్నట్టు ఎర్రగా వచ్చారు. ఇక రిసెప్షను స్టేజి మీద తీసినవి సగం వాటిలో అడ్డంగా నల్ల చారలు. కెమెరా పోయిందేమో అని గుండె జారిపోయింది కానీ మర్నాడు పెరట్లో తీస్తే శుభ్రంగా ఉన్నాయి.

పిన్ని ఏమీ అనలేదు. "పర్లేదులే నాన్నా" అంది. తిట్టినా బాగుండేది.

థియరీ అంతా వచ్చి కూడా ఇలా ఎందుకైందండి? ఎక్కడైనా కోర్సులో చేరాలా? మీరు కూడా ఇలాంటి దెబ్బలు తిని నేర్చుకున్నవి ఏమైనా ఉంటే చెప్పండి.

రెండో కెమెరా:

తమ్ముడూ ముందు చారల సంగతి చెప్తా, కెమెరాకి ఏం కాలేదు. మన కరెంటు 50 హెర్ట్జ్, దాని వల్ల లైటు సెకనుకి 100 సార్లు పెరిగి తగ్గుతా ఉంటది, కంటికి తెలీదు, షట్టరుకి తెలుస్తది. నువ్వు కదిలితే మసక వస్తదని షట్టరు స్పీడు 1/500 సెకనులోనో 1/800లోనో పెట్టుంటావు, అక్కడ దొరికిపోయావు. 1/100కో 1/50కో దించు, పెరిగి తగ్గే వరస మొత్తం ఫోటోలో పడుద్ది కాబట్టి చారలు చాలా వరకు పోతాయి. చాలా వరకు అని ఎందుకన్నానంటే స్టేజి వెనక పెట్టే ఎల్ఈడీ గోడలు, రంగులు మార్చే లైట్లు ఉన్నాయి చూడు వాటి లెక్క వేరే, అక్కడ 1/100 కూడా మోసం చేసుద్ది. నేను హాల్లోకి వెళ్ళగానే ఎవర్నీ తీయను, ఖాళీ స్టేజిని నాలుగు స్పీడుల్లో నాలుగు తీసి స్క్రీన్ మీద జూమ్ చేసి చూస్తా. రెండు నిమిషాల పని.

ఎరుపు గురించి, పైన ఏముంది? షామియానా కదా? ఎర్ర గుడ్డకి కొడితే ఎర్ర వెలుగే తిరిగొచ్చిద్ది. బౌన్సు అనేది తెల్ల సీలింగు అందుబాటు ఎత్తులో ఉంటేనే. లేనప్పుడు మా గురువు చేసే పని చెప్తా, ఆ పెళ్ళి శుభలేఖే తీసుకుని తెల్ల వైపు ముందుకి వచ్చేట్టు ఫ్లాషు తలకి రబ్బరు బ్యాండుతో కట్టేవాడు. ఇప్పటికీ నా బ్యాగులో రెండు శుభలేఖలు ఉంటాయి, పెళ్ళయిన వాళ్ళకి పిల్లలు కూడా పుట్టారు.

1.8 సంగతి. నీ కెమెరా మీద 50 లెన్సుతో రెండు మీటర్ల దూరంలో తీస్తే 1.8 దగ్గర షార్ప్‌గా వచ్చే లోతు మొత్తం 11 సెంటీమీటర్లు, కాస్త అటూఇటూ. బెత్తెడు కంటే కొంచెం ఎక్కువ. ఇద్దరు మనుషుల మొహాలు బెత్తెడులో ఎక్కడ పడతాయి? 4లో పెడితే 24 సెంటీమీటర్లు అవుద్ది. బ్లర్ తగ్గుద్ది నిజమే, పెళ్ళికూతురు మిగులుద్ది.

ఇక మూడు ముళ్ళు. ఇది చెప్పాలనే అసలు రిప్లై పెట్టా. నేను ఆరేళ్ళ నుంచి గుంటూరు, తెనాలి వైపు రెండో కెమెరాగా తిరుగుతున్నా, మొదటి ఏడాది లైటు స్టాండు మోయడమే, కెమెరా ముట్టుకోనివ్వలేదు మా గురువు. అప్పుడు తిట్టుకున్నా కానీ ఆ ఏడాదిలోనే పెళ్ళి ఎలా నడుస్తదో చెవులకి ఎక్కింది. చెవులకే, కళ్ళకి కాదు. జీలకర్ర బెల్లం పెట్టేది సరిగ్గా ముహూర్తం టైముకి, మధ్యలో తెర ఉంటది, తెర దించగానే ఇద్దరి చూపులు కలిసేది ఒక్క క్షణం. తర్వాత పంతులుగారు "మాంగళ్యం తంతునానేన" అందుకున్నారంటే నువ్వు అప్పటికే నీ చోటులో ఉండాలి, ఆయన డోలు సన్నాయి వాళ్ళ వైపు చెయ్యెత్తి గట్టిమేళం అన్నాడంటే ఇంక ఎవరూ నీకు దారివ్వరు. అందరూ లేచి ముందుకొస్తారు, అక్షింతలు పడతాయి, ఆడపడుచు జడ ఎత్తి పట్టుకుంటది. అందుకని గంట ముందే పంతులుగారి దగ్గరికెళ్ళి అయ్యగారూ మీరు ఎటు కూర్చుంటారు, అబ్బాయి ముందు నుంచి కడతాడా వెనక నుంచా అని అడుగు. ఏ పంతులుగారూ కసురుకోలేదు నన్ను, పైగా "నువ్వు ఇటు రా నాయనా" అని చోటు చూపించిన వాళ్ళున్నారు. వీడియో ఆయనతో కూడా ముందే మాట్లాడుకో, ఆయన లైటే నీ లైటు, ఆయన ప్లాస్టిక్ కుర్చీ ఎక్కితే నువ్వు కింద కూర్చో.

కోర్సుల మాట నాకు తెలీదు కానీ నాలుగు పెళ్ళిళ్ళకి కెమెరా లేకుండా వెళ్ళి చూడు.

రీలు మాస్టారు:

నాయనా, 1983లో స్టూడియో పెట్టి 2009లో మూసేశాను, ఖమ్మం జిల్లాలో. ఇప్పుడు మనవలతో కాలక్షేపం. 1,400 అని చదవగానే నవ్వొచ్చింది, తప్పుగా అనుకోకు. రోలుకి 36, పెళ్ళికి 8 రోళ్ళు అంటే మా దగ్గర గొప్పింటి పెళ్ళి, లెక్క వేసుకో 288. రోళ్ళు విజయవాడ కలర్ ల్యాబుకి బస్సులో పంపితే ప్రింట్లు వచ్చేసరికి పెళ్ళికూతురు అత్తారింటికి పోయుండేది. స్క్రీను లేదు కాబట్టి జేబులో చిన్న పుస్తకం పెట్టుకుని ఏ నంబరు ఫోటో ఎంతలో తీశానో రాసుకునేవాణ్ణి. ఇప్పుడు మీ ఫైలే అన్నీ రాసిపెడుతుంది, కానీ చూసేవాళ్ళెవరు? నువ్వు ఆ 1,400 తెరిచి చెడిపోయినవి ముందేసుకుని దేనికి ఏ నంబర్లున్నాయో చూడు. కోర్సు అదే.

బట్టలు బూడిద రంగుకి ఎందుకొచ్చాయంటే కెమెరాలో ఉండే, వెలుగు కొలిచే మీటరుకి రంగు తెలియదు, తెలుపు నలుపు తెలియదు, దాని లోకం అంతా నడిమి బూడిదే, 18 శాతం బూడిద అంటారు. ఏది చూపించినా దాన్ని ఆ బూడిదకి తేవాలని చూస్తుంది. తెల్ల చీర చూపిస్తే అబ్బో వెలుగెక్కువైంది అని తగ్గిస్తుంది, నల్లరాతి విగ్రహాన్ని చూపిస్తే చీకటైపోయింది అని పెంచి సున్నం కొట్టినట్టు చేస్తుంది. ఫ్లాషు ఆటోలో ఉంటే అదీ అంతే. మా కుర్రాళ్ళకి నేను చెప్పిన సూత్రం ఒక్కటే, ఆవుకి ప్లస్, గేదెకి మైనస్, అంటే కెమెరా కట్టిన లెక్క మీద తెల్లదానికి వెలుగు పెంచు, నల్లదానికి తగ్గించు. తెల్ల మధుపర్కాలకి ప్లస్ 1 కొట్టి ఉంటే సరిపోయేది.

ఇంకోటి, కెమెరా కంటికి పెట్టుకోకముందే వెలుగు ఎంతుందో నోటితో చెప్పడం అలవాటు చేసుకో. ఫిల్ము డబ్బాలో కాగితం వచ్చేది, ఎండ బొమ్మ, మబ్బు బొమ్మ వేసి. నిండు ఎండ, 100 ఫిల్ము, 1/125, అపర్చరు 16. పల్చటి మబ్బు పడితే 11, ఇంకాస్త కమ్మితే 8. ఫ్లాషుకి దాని బలం చెప్పే గైడ్ నంబరు ఉండేది, 36 గైడ్ నంబరు ఫ్లాషు అనుకో, నాలుగున్నర మీటర్ల దూరంలో మనిషుంటే 36ని నాలుగున్నరతో భాగించు, అపర్చరు 8. అంతే. అడుగులు కొలుచుకుంటూ వెళ్ళేవాళ్ళం, చూసినవాళ్ళు ముహూర్తం బావుందో లేదో చూస్తున్నాడనుకునేవాళ్ళు.

నీది కోనసీమ అన్నావు, ఆ చెమ్మకి లెన్సు బీరువాలో బట్టల మధ్య పెట్టావంటే బూజు పట్టేస్తుంది. గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి పెట్టు. సెకండ్ హ్యాండ్‌ది కాబట్టి ఓసారి వెనక నుంచి టార్చి వేసి చూడు.

కొంగలరాయుడు:

మాస్టారూ మీ అనుభవం ముందు నేనెంత కానీ ఈ ఆవుకి ప్లస్ అనే రూలు నమ్మి ఏడాది ఫోటోలు తగలేసుకున్నా, అందుకే చెప్తున్నా. నేను ఆటపాక, ఉప్పలపాడు వైపు పిట్టల వెంట తిరుగుతా. పచ్చటి వరి చేలో తెల్ల కొంగ. తెలుపు కదా అని ప్లస్ 1 పెట్టా. కొంగ లేదు, కొంగ ఆకారంలో తెల్ల కాగితం కత్తిరించి అతికించినట్టుంది, ఒక్క ఈక కనపడితే ఒట్టు. అలా కాలిపోయిన తెలుపు రా ఫైలులో (కెమెరా చూసిందంతా మార్చకుండా దాచే ఫైలు) తీసినా వెనక్కి రాదు, మసకగా ఉన్నదాన్ని లేపొచ్చేమో గానీ. ఇప్పుడు ఎండలో కొంగకి మైనస్ 1 దగ్గర మొదలుపెడతా. తమ్ముడూ తెలుపుకి మైనస్, రాసుకో.

మెగాపిక్సెల్ రాజా:

ఇంత గొడవ ఎందుకు బ్రో ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సారుది) మిర్రర్‌లెస్ కెమెరా కొనుక్కో 1.4 లెన్సు వేస్కో అన్నీ అదే చూసుకుంటది. ఆ పాత డీ5300తో పెళ్ళిళ్ళు తీయడమే తప్పు

రెండో కెమెరా:

రాజా గారూ 1.8కే అమ్మాయి మంచులో కలిసిపోయిందని ఆ అబ్బాయి ఏడుస్తుంటే 1.4 కొనమంటారా. ఫుల్ ఫ్రేములో అదే 50తో అంతే సైజు మనిషి రావాలంటే ఇంకా దగ్గరికి పోవాలి, లోతు ఇంకా తగ్గుద్ది. చీకట్లో నాయిస్ (ఇసక చల్లినట్టు చుక్కలు) తక్కువ వస్తది, ఫోకసు బాగా పట్టుకుంటది, అది ఒప్పుకుంటా. షామియానా రంగు మాత్రం ఏ కెమెరా మార్చదు.

గోదారి గట్టు:

అందరికీ చాలా థాంక్స్ అండి, పంతులుగారిని అడగొచ్చన్న ఆలోచనే రాలేదు నాకు. ఫైళ్ళు తెరిచి చూస్తే రెండో కెమెరా అన్న చెప్పినట్టే స్టేజి మీదవన్నీ 1/640లో ఉన్నాయి. కానీ ఇప్పుడు తెలుపుకి ప్లస్సా మైనస్సా? మాస్టారు ప్లస్ అన్నారు, రాయుడు గారు మైనస్ అన్నారు, ఇద్దరూ ఏళ్ళ తరబడి చేసినవాళ్ళే. నా బుర్ర ఇప్పుడు నిజంగా 18 శాతం బూడిద అయిపోయింది.

గుడ్డు ఫోటో:

అన్నా ఇద్దరూ కరెక్టే. నేను హైదరాబాద్ మాసాబ్ ట్యాంక్‌ల జేఎన్ఏఎఫ్ఏయూల (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ) బీఎఫ్ఏ ఫోటోగ్రఫీ డిగ్రీ చదువుతున్న. ఫస్ట్ ఇయర్ల మాకు ఒక అసైన్‌మెంట్ ఇచ్చిన్రు, తెల్ల దుప్పటి మీద తెల్ల కోడిగుడ్డు, ఒక్క కిటికీ వెలుగు, ఫ్లాష్ లేదు. దుప్పటి తెల్లగ రావాలె, గుడ్డు తెల్లగ రావాలె, మళ్ళ గుడ్డు దుప్పట్ల కలిసిపోవద్దు. వారం పట్టింది నాకు. హాస్టల్ల రోజూ ఆమ్లెట్లే. అది అయినంక అదే గుడ్డు నల్ల కంబళి మీద పెట్టి తియ్యమన్నరు.

తెల్ల దుప్పటి మీద పెడితే గుడ్డు బూడిదగ వచ్చింది, ప్లస్ పెట్టాల్సొచ్చింది. నల్ల కంబళి మీద పెడితే అదే గుడ్డు తెల్లగ కాలిపోయింది, మైనస్ పెట్టాల్సొచ్చింది. గుడ్డు మారలే కద. మీటరుకి గుడ్డు తెల్వది, కొంగ తెల్వది, మధుపర్కాలు తెల్వది, ఫ్రేమ్ మొత్తంల ఏది ఎక్కువుంటే దాన్ని చూసి లెక్క కడతది. మాస్టారు చెప్పింది ఫ్రేమ్ నిండ తెల్ల బట్టలున్నప్పుడు. రాయుడన్నది ఇంత ముదురు పచ్చ చేను, దాంట్ల గింత కొంగ, మీటరు చేనును చూసి చీకటుంది అనుకుని వెలుగు పెంచింది, మధ్యల కొంగ బలైంది. తీసిన వెంటనే హిస్టోగ్రామ్ (ఎడమ చీకటి నుంచి కుడి వెలుగు దాక ఎంతెంత ఉందో చూపే గ్రాఫ్) చూడు, కుడి గోడకు గుద్దుకుంటే తెలుపు పోయినట్టు. స్క్రీన్ చూసి బాగుంది అనుకోకు, రాత్రి పూట స్క్రీన్ అన్నీ వెలుగుగనే చూపిస్తది.

నువ్వు కూడ గుడ్డుతోని చెయ్. కిటికీకి ఒక అడుగు దూరంల పెట్టు, తర్వాత నాలుగు అడుగులకు జరుపు, నీడ ఎట్ల మారుతదో చూడు. నాకు వెలుగు అంటే ఏందో అప్పుడే అర్థమైంది, అంతకుముందు రెండేండ్లు ఫోటోలు తీస్తున్న గానీ అది తెల్వకుండనే.

ఇద్దరూ షార్ప్‌గ రావాలంటే ఇంకో ముచ్చట. రాజా దీన్‌దయాళ్ తీసిన గ్రూప్ ఫోటోలు చూడు, ఆరో నిజాం కాలంనాటివి, గాజు పలకల మీద తీసినవి. ఒక్కో ఫోటోకు ఒక్కో పలక, రెండోసారి అంటే మళ్ళ ఇంకో పలక పెట్టాలె. ఎవరు కూసోవాలె, ఎవరు నిలబడాలె, మొహాలు ఒక వరసల ఎట్ల రావాలె అన్నీ ముందే సర్ది తీసిండు. నువ్వు ఎఫ్ నంబర్ (అపర్చర్) మార్చే ముందు రెండడుగులు పక్కకు జరిగి ఇద్దరి మొహాలు నీకు ఒకే దూరంల వచ్చేటట్టు నిలబడు, సగం పని అక్కడే అయితది.

కోర్సు అంటవా, ఇదే బతుకుదెరువు అనుకుంటే రా, నాలుగేండ్లు, ఎంట్రన్స్ ఉంటది. పిన్ని వాళ్ళ పెళ్ళి కోసమైతే డజను గుడ్లు చాలు.

రీలు మాస్టారు:

ఈ అమ్మాయో అబ్బాయో గానీ బాగా చెప్పారు. రాయుడు గారూ, మీ మాట నిజమే, పాతికేళ్ళు నేను తీసినవన్నీ ఫ్రేము నిండా మనుషులే, చేలో కొంగని తీసిన పాపాన పోలేదు. ఆవుకి ప్లస్ సూత్రానికి ఇంకో ముక్క కలుపుతాను, ఆవు దగ్గరగా ఉంటేనే.

కొంగలరాయుడు:

అయ్యో మాస్టారూ పెద్దవారు, నేనే తెలుపుకి మైనస్ రాసుకో అని గట్టిగా చెప్పా. పొగమంచులో లంబసింగి వెళ్ళినప్పుడు నేను కూడా ప్లస్సే పెట్టా, మంచు మొత్తం తెలుపే కదా. అప్పుడు ఎందుకు పెట్టానో ఇప్పుడు అర్థమైంది.

గోదారి గట్టు:

మూడు వారాల తర్వాత వచ్చా, సారీ. గుడ్డు చేశా. మా నాన్నమ్మ మడి బట్ట మీద గుడ్డు పెట్టానని ఇల్లంతా పసుపు నీళ్ళు చల్లించింది, ఆ గొడవ వదిలేయండి. నల్ల గొడుగు మీద పెట్టినప్పుడు మాత్రం నిజంగా కళ్ళ ముందే గుడ్డు కాలిపోయింది, తొమ్మిదిసార్లు వీడియోల్లో విన్నా ఎక్కనిది పది నిమిషాల్లో ఎక్కింది.

తర్వాత ఊళ్ళో రెండు పెళ్ళిళ్ళకి కెమెరా లేకుండా వెళ్ళి డోలు వాళ్ళ పక్కన కూర్చున్నా. వాళ్ళు పంతులుగారి చెయ్యి కాదు, మొహం చూస్తారండి, చెయ్యి లేవకముందే కర్ర లేస్తుంది. మూడో పెళ్ళి మా బాబాయి వరస ఆయన కొడుకుది, పగటి ముహూర్తం, కొబ్బరాకు పందిరి. ఎవరికీ ఏమీ మాటివ్వలేదు, ఊరికే వెళ్ళా. గంట ముందు పంతులుగారిని అడిగితే "నువ్వు ఈశాన్యం మూల కూర్చో, అటు ఎవరూ రారు" అన్నారు. 4లో పెట్టి, ప్లస్ 1 కొట్టి, డోలు వాళ్ళ మొహాలు చూస్తూ కూర్చున్నా. మొత్తం 112 తీశా. మధుపర్కాలు తెల్లగా వచ్చాయి, ఎర్ర అంచు ఎర్రగానే ఉంది, మూడో ముడి పడుతుంటే గాల్లో అక్షింతలు, పెళ్ళికొడుకు వేళ్ళు, అమ్మాయి కిందకి దించిన కళ్ళు, అన్నీ ఉన్నాయి.

పందిట్లోనే మా పిన్ని కనపడితే స్క్రీను మీద చూపించా. చాలాసేపు చూసి "మా అమ్మాయి పెళ్ళప్పుడు ఈ బుద్ధి ఎక్కడికి పోయిందిరా వెధవా" అని నెత్తి మీద ఒకటిచ్చింది. మొత్తానికి తిట్టింది.

మాస్టారూ, మీరు చెప్పినట్టు 50 లెన్సుకి టార్చి వేసి చూశా. లోపల అంచున సాలెగూడులాగా సన్నటి దారాలున్నాయి. రాజమండ్రి, కాకినాడ వైపు లెన్సు విప్పి శుభ్రం చేసేవాళ్ళు ఎవరైనా ఉన్నారా, లేక అలాగే వాడేసుకోవచ్చా?